మార్చింది నేటివిటీ కోసమా, హీరో కోసమా?

హైదరాబాద్‌లో ఏ రీమేక్ సినిమా ప్రెస్‌మీట్ చూసినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "సోల్ పోకుండా, మన నేటివిటీకి తగ్గట్టు మార్పులు చేశాం." దర్శకుడు అంటాడు, నిర్మాత అంటాడు, ఆఖరికి హీరో కూడా అదే అంటాడు. ఇరవై ఏళ్లుగా టీవీలో, పేపర్లో, ఇప్పుడు యూట్యూబ్‌లో ఈ మాట వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ నాకు అడగాలనిపించేది ఒక్కటే: ఏం మార్చారు, ఎవరి కోసం మార్చారు?

రీమేక్ ఒరిజినల్‌ని అందుకుంటుందా లేదా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ హీరోల పోలిక దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. మోహన్‌లాల్ బాగా చేశాడా వెంకటేశ్ బాగా చేశాడా, బిజూ మేనన్‌కీ పవన్ కల్యాణ్‌కీ పోలికేంటి, ఇలాగే సాగుతుంది. నటుల తేడా ఉంటుంది, కాదనను. కానీ నేను చూసిన రీమేకుల్లో నిలబడినవి, నిలబడనివి పక్కపక్కన పెట్టుకుంటే తేడా ఇంకోచోట కనపడింది. కథని మన ఊళ్లోకి తేవడానికి మార్పులు చేసిన సినిమాలు ఎక్కువగా నిలబడ్డాయి. కథని హీరో ఇమేజ్‌లోకి దించడానికి మార్పులు చేసినవి, ఆ వారం ఎంత ఆడినా, ఆ తర్వాత గుర్తుండలేదు. ప్రెస్‌మీట్లో మాత్రం రెండింటినీ నేటివిటీ అనే ఒకే పేరుతో చెబుతారు.

ముందు నాకు బాగా నచ్చిన సినిమాతో మొదలుపెడతాను. 2016లో మలయాళంలో దిలీష్ పోతన్ 'మహేషింటె ప్రతికారం' తీశాడు. ఇడుక్కి కొండల్లో చిన్న ఫొటో స్టూడియో నడుపుకునే మహేష్ అనే కుర్రాడు నడిబజార్లో తన్నులు తిని, కొట్టినవాణ్ని తిరిగి కొట్టేదాకా చెప్పులేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. కథ అంతే. ఎవరికైనా ఒక్క వాక్యంలో చెబితే "దీన్ని రీమేక్ చేయడానికి ఏముంది" అంటారు. ఆ సినిమాలో ఉన్నదంతా ఆ ఊరే కాబట్టి అలా అనడం కూడా సబబే. వాన, రబ్బరు చెప్పులు, పక్కింటివాళ్ల మాటలు, చావింటి దగ్గర జనం, ఒక చిన్న గొడవ ఇంకో గొడవకి, అది ఇంకో గొడవకి దారి తీయడం... ఇవన్నీ తీసేస్తే ఏమీ మిగలదు. 2020లో వెంకటేశ్ మహా దీన్ని 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా తీశాడు. కథని అరకు తీసుకెళ్లాడు, సత్యదేవ్‌ని పెట్టుకున్నాడు. సత్యదేవ్‌కి కాపాడుకోవాల్సిన ఇమేజ్ ఏమీ లేదు కాబట్టి నడిరోడ్డు మీద తన్నులు తినే సీన్‌లో నిజంగానే తన్నులు తిన్నాడు. పరువు పోయినవాడి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ మొహం.

ఈ కథ మన నేలలో అంత సులువుగా ఎందుకు నాటుకుందో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చెప్పుల్లేకుండా నడవడం మనకి కొత్త కాదు. మన ఊళ్లలో ఒక మనిషి వట్టి కాళ్లతో కనిపిస్తే దీక్షలో ఉన్నాడేమో, మొక్కుకున్నాడేమో అనుకుంటాం, ఎందుకని అడగం కూడా. ఆ మౌనం, ఆ గౌరవం అంతా మన జనానికి ముందే తెలుసు, వాళ్లకి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. సంగీతం రెండు సినిమాలకీ బిజిబాలే. కానీ నరేశ్, సుహాస్ నోట వచ్చే మాటలు మాత్రం మనవే. ఒరిజినల్ ముందే చూసినవాళ్లకి చాలా సీన్లు అవే వరసలో, దాదాపు అవే షాట్లతో వస్తాయి కాబట్టి ఆ మొదటి ఆశ్చర్యం ఉండదు, ఇది ఒప్పుకోవాలి. నాకు మాత్రం రెండో సినిమా చూస్తున్నంతసేపు మొదటిది గుర్తు రావడం మెల్లగా తగ్గిపోయింది. రీమేక్ గురించి నేను చెప్పగలిగే పెద్ద మెచ్చుకోలు ఇదే.

ఇదే పని కొరియా నుంచి తెచ్చిన కథతో నందినీరెడ్డి కూడా చేసింది. 2014 నాటి 'మిస్ గ్రానీ'ని 2019లో 'ఓ బేబీ'గా తీసినప్పుడు, ముసలావిడ పడుచుపిల్లగా మారడమనే చిత్రమైన కథని మన ఇంట్లో అత్తాకోడళ్ల గొడవ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. లక్ష్మి గారు తిట్టే తిట్లు, అవే తిట్లు సమంత నోట వచ్చినప్పుడు పుట్టే నవ్వు, కొడుకు దగ్గర తల్లి పడే బాధ, వీటిలో ఎక్కడా కొరియా కనపడదు. లక్ష్మీ భూపాల రాసిన ఆ మాటలే సినిమాని నిలబెట్టాయని నా నమ్మకం. తెలియనివాళ్లకి అది రీమేక్ అని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం.

'పింక్' 2016లో వచ్చింది. ఢిల్లీలో అద్దెకుంటున్న ముగ్గురు ఉద్యోగం చేసుకునే అమ్మాయిలు, ఒక రాత్రి జరిగిన గొడవ, తర్వాత కోర్టు. అమితాబ్ చేసిన లాయర్ వయసైపోయినవాడు, మానసిక సమస్యతో బాధపడుతున్నవాడు, ఇంటి దగ్గర జబ్బు మనిషైన భార్య. ఆ సినిమా మొదటి సగం దాదాపుగా అమ్మాయిల భయమే. ఫోన్ మోగితే భయం, కారు ఆగితే భయం. ఆ ముగ్గురిలో ఒకమ్మాయిది మేఘాలయ. ఢిల్లీలో ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిలని ఎలా చూస్తారో చెప్పడానికే ఆ పాత్ర ఉంది, అది ఢిల్లీకే చెందిన సంగతి. 2021లో ఇదే 'వకీల్ సాబ్' అయి హైదరాబాద్ వచ్చింది. ఈ మార్పులో మంచి ఒకటుంది: తెలుగులో ఒక అమ్మాయి పేరు దివ్యా నాయక్, ఆ పేరు వినగానే మనకి తండా గుర్తొస్తుంది. తండా నుంచి సిటీకొచ్చి ఉద్యోగం చేసుకునే అమ్మాయిని ఈ ఊరు ఎలా చూస్తుందన్నది మనదైన ప్రశ్న. దాన్ని పట్టుకుని ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే ఈ సినిమా 'పింక్' పక్కన తలెత్తుకుని నిలబడేది. ఆ పది నిమిషాలు, ఇంకా చాలా నిమిషాలు హీరో కాలేజీ రోజులకి, ప్రేమకథకి, ఫైట్లకి వెళ్లిపోయాయి. ఒరిజినల్లో ముగ్గురమ్మాయిలు, వాళ్లకి సాయం చేసిన ఒక ముసలి లాయర్. ఇక్కడ ఒక నాయకుడు, అతను కాపాడిన ముగ్గురమ్మాయిలు. వరస తిరగబడింది, ఆ సినిమా అంటున్న మాటకి ఇది సరిగ్గా ఎదురు. ఆడపిల్ల వద్దంటే వద్దనే అర్థం, ఆ వద్దుకి విలువ రావడానికి వెనకాల ఒక బలవంతుడు నిలబడక్కర్లేదు అని కదా 'పింక్' చెప్పింది.

అయితే ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. 'పింక్' మన దగ్గర మల్టీప్లెక్సుల్లో ఆడింది. చిన్న ఊరి సింగిల్ స్క్రీన్‌లో కూర్చునే కుర్రాళ్ల దాకా ఆ కోర్టు మాటలు తీసుకెళ్లింది 'వకీల్ సాబే'. నివేదా థామస్ బోనులో ఏడుస్తుంటే హాల్లో మొత్తం నిశ్శబ్దమైపోయిన షో నేను చూశాను. అంతకుముందు అరగంటపాటు పేపర్లు ఎగరేసిన కుర్రాళ్లే వాళ్లు. ఆ నిశ్శబ్దం చిన్న విషయం కాదు. కానీ ఆ నిశ్శబ్దం వచ్చింది పాత 'పింక్' సీన్లకే, కొత్తగా కలిపిన వాటికి కాదు. అందుకే నా బాధ.

'భీమ్లా నాయక్' దగ్గర ఈ రెండు రకాల మార్పులూ ఒకే సినిమాలో పక్కపక్కన కనపడతాయి కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సచీ తీసిన 'అయ్యప్పనుమ్ కోషియుమ్' 2020లో వచ్చింది. అట్టపాడి అడవి దారి, మద్యం నిషేధం ఉన్న ప్రాంతం, కారులో సీసాలతో దొరికిన డబ్బున్న మాజీ సైనికుడు కోషి, పట్టుకున్న ఎస్సై అయ్యప్పన్ నాయర్. అహం అహంతో ఢీకొట్టి ఇద్దరి బతుకులూ ఎలా చిందరవందర అయ్యాయన్నదే కథ. పేరులోనే ఇద్దరూ ఉన్నారు. సుమారు మూడు గంటల సినిమాలో మన సానుభూతి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతూనే ఉంటుంది. తెలుగులో పేరు ఒక్కడిదైపోయింది. పేరు మారిన క్షణమే తక్కెడ ఒకవైపు వంగింది. రానా చాలా బాగా చేశాడు, కోషికి తెలుగు రూపమైన డేనియల్ శేఖర్‌లో ఆ పొగరు, ఆ లోపలి భయం రెండూ చూపించాడు. కానీ సినిమా అతన్ని విలన్‌లాగే నడిపించింది. సుమారు అరగంట నిడివి తగ్గింది. తగ్గిందంతా కోషి వైపు నుంచే తగ్గినట్టు అనిపించింది నాకు. అయ్యప్పన్ పేరు చివర ఉన్న 'నాయర్' వెనక కులం గురించి ఒక పెద్ద కథ ఉంటుంది మలయాళంలో. అంత బరువైన విషయం తెలుగులో రాలేదు.

ఇంకోవైపు చూడండి. మలయాళంలో అట్టపాడికి చెందిన నంజియమ్మ అనే గిరిజన గాయని తన ఇరుళ భాషలో పాడిన పాటతో ఆ సినిమా గాలే మారిపోయింది. తర్వాత ఆమెకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. తెలుగు వాళ్లు ఆ పాటని డబ్ చేయలేదు, ఆ ట్యూన్ కూడా తీసుకోలేదు. నాగర్‌కర్నూలు జిల్లా నుంచి కిన్నెర మొగిలయ్యని పిలిచి, పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడించారు. వీరుల కథలు ఊరూరా తిరిగి పాడే సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి, ఒక వీరుడి పుట్టుక గురించి పాడుతుంటే ఒళ్లు జలదరించింది. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లో ఉంటూ కిన్నెర అనే వాయిద్యం పేరు కూడా వినని పిల్లలు ఆ వారం దాని గురించి వెతికారు. నేటివిటీకి తగ్గట్టు మార్చడమంటే ఇదీ. నంజియమ్మకి సమానమైన మనిషి మన నేల మీద ఎవరు, అని వెతుక్కుని దొరకబట్టారు. సినిమా మొత్తం ఈ ప్రశ్నే వేసుకుని తీసి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక్కడ నాతో వాదించేవాళ్లు తప్పకుండా 'గబ్బర్ సింగ్' పేరెత్తుతారు. 2012లో హరీశ్ శంకర్ 'దబంగ్'ని పవన్ కల్యాణ్ కోసం మొత్తం తిప్పి రాశాడు, అది ఒరిజినల్ కన్నా బాగుందన్నవాళ్లే ఎక్కువ, నేనూ అదే అంటాను. మరి హీరో కోసం మార్చితే పాడవుతుందన్న నా మాట ఏమైంది? నాకు తోచిన జవాబు ఇది. 'దబంగ్' పుట్టిందే ఒక హీరో నడక కోసం, కళ్లజోడు కోసం. అక్కడ కథ హీరో కోసమే ఉంది. దాన్ని ఇంకో హీరో ఒంటికి కొలిచి కుట్టడంలో పోయేదేమీ లేదు. పైగా ఆ సినిమాలో జనం ఇప్పటికీ చెప్పుకునేది రౌడీల చేత అంత్యాక్షరి ఆడించే సీన్. అది తెలుగు పాటలు వింటూ పెరిగిన వాళ్లకి తప్ప ఇంకెవరికీ అర్థం కాని సరదా. అది మనదే.

'ఠాగూర్' సంగతి ఇంకొంచెం చిక్కు. తమిళ 'రమణ'లో విజయకాంత్ పాత్రకి చివర ఉరి. 2003లో వినాయక్ తెలుగులో తీసినప్పుడు చిరంజీవికి ఉరి వేస్తే జనం ఒప్పుకోరని ముగింపు మార్చారు, జైలు శిక్షతో సరిపెట్టారు. ఇది అచ్చంగా హీరో కోసం చేసిన మార్పే. అయినా సినిమా ఆడింది, ఇప్పటికీ టీవీలో వస్తే కదలం. ఎందుకంటే దాని ప్రాణం ముగింపులో లేదు, ఆస్పత్రి సీన్‌లో ఉంది. చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి బిల్లు వేసే ఆ సీన్ ఏ భాషలో తీసినా మన ఇంటి సీనే అవుతుంది, ఆస్పత్రి బిల్లు చేతిలో పట్టుకుని కౌంటర్ ముందు నిలబడని కుటుంబం ఈ ఊళ్లో ఎక్కడుంది? కానీ 'రమణ' ముగింపు చూసినవాళ్లు ఆ బరువు వేరంటారు. నేను రెండూ చూశాను, వాళ్లతో ఏకీభవిస్తాను. తప్పు చేసినవాళ్లని చంపిన చేతికి కూడా శిక్ష పడాలని ఆ కథే కోరుకుంటుంది. మనం అది వినడానికి సిద్ధంగా లేమని మన నిర్మాతలు ముందే తేల్చేశారు.

హైదరాబాద్ ప్రేక్షకుడికి ఒక ప్రత్యేకత కూడా ఉంది. ఇక్కడ హిందీ పరాయి భాష కాదు. పాతబస్తీలో పుట్టినా, మెహిదీపట్నంలో పెరిగినా, నాలాగా చిక్కడపల్లిలో తిరిగినా హిందీ సినిమా ఒరిజినల్‌లోనే చూస్తాం. 'మున్నాభాయ్ ఎంబీబీఎస్' నేను హిందీలో చూసి నవ్వి ఏడ్చాను, ఆ మరుసటేడు 2004లో 'శంకర్‌దాదా'ని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాను. నా పక్కన కూర్చున్న ఫ్రెండ్ ప్రతి సీన్‌కీ ముందే నవ్వేవాడు, ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి. అయినా శ్రీకాంత్ చేసిన ఏటీఎం అనే పాత్ర వచ్చినప్పుడల్లా ఇద్దరం కొత్తగా నవ్వాం. హిందీలో మున్నాభాయ్ వెంట ఉండే ముంబై కుర్రాడు సర్క్యూట్‌ని పక్కనపెట్టి మన గల్లీలో అన్న వెనకాల తిరిగే తమ్ముణ్ని పట్టుకోవడం వల్ల వచ్చిన నవ్వది.

మా నాన్న తరానికి ఈ సమస్య లేదు. 'జంజీర్' వచ్చిన మరుసటేడు 1974లో ఎన్టీఆర్ 'నిప్పులాంటి మనిషి' వచ్చింది, 'డాన్' తర్వాతి ఏడాది 'యుగంధర్' వచ్చింది. మా నాన్న పుట్టిన ఊళ్లో హిందీ సినిమా ఆడేది కాదు, ఆడినా అర్థమయ్యేది కాదు. ఆయనకి 'యుగంధరే' ఒరిజినల్. చాలా ఏళ్ల తర్వాత టీవీలో 'డాన్' వస్తుంటే చూసి "ఇది మన రామారావుదే కదా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఒక మంచి కథ భాష దాటి రావడానికి రీమేక్ తప్ప ఇంకో దారి లేదు. ఆ దారి మీద కొన్ని అద్భుతాలు కూడా నడిచాయి. మన వైపు నుంచి వెళ్లిన 'రాముడు భీముడు' 1964లో వస్తే, అదే తాపీ చాణక్య దాన్ని హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్'గా తీశాడు.

మన కథలు బయటికి వెళ్లినప్పుడు కూడా ఇదే లెక్క పనిచేసింది. నాకు తెలిసి దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ 'మరో చరిత్ర'. 1978లో బాలచందర్ విశాఖలో తీసిన ఆ కథకి ఆధారం భాష. అబ్బాయిది తమిళం, అమ్మాయిది తెలుగు, పక్కపక్క ఇళ్లు, ఒకరి మాట ఒకరి పెద్దవాళ్లకి గిట్టదు. తమిళనాడులో అది డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడింది. 1981లో ఆయనే హిందీలో 'ఏక్ దూజే కే లియే' తీసినప్పుడు కథని గోవాకి మార్చి, తమిళ అబ్బాయికీ హిందీ అమ్మాయికీ మధ్య పెట్టాడు. ఎందుకంటే హిందీ చూసేవాళ్లకి తెలుగు తమిళాల మధ్య గొడవేంటో తెలియదు, ఉత్తరం దక్షిణం గొడవ మాత్రం బాగా తెలుసు. లిఫ్టులో సినిమా పేర్లతో అల్లిన పాట గుర్తుందా? తెలుగులో తెలుగు సినిమాల పేర్లు, హిందీలో హిందీ సినిమాల పేర్లు. ఆ పాటని అనువదించడం కుదరదు, ప్రతి భాషలో మొదటి నుంచి మళ్లీ పుట్టించాలి. అలాగే పుట్టించారు. అదే కథని 2010లో తెలుగులోనే మళ్లీ తీస్తే నిలబడలేదు. ముప్పై ఏళ్లలో మన ఇళ్లు మారిపోయాయి. ఆ రోజుల్లో ప్రాణాల మీదికి తెచ్చిన గొడవకి ఇప్పుడు ఆ పదును లేదు. భాష అదే అయినా కాలం వేరైతే అది కూడా పరాయి ఊరే.

'ఒక్కడు' కూడా అలాగే వెళ్లింది. గుణశేఖర్ సిటీ శివార్లలో చార్మినార్ సెట్ వేయించి మరీ తీసిన సినిమా అది. పాతబస్తీ, కబడ్డీ, కర్నూలు కొండారెడ్డి బురుజు, వీటిలో ఏది తీసినా సినిమా చిరుగుతుందనుకుంటాం. 2004లో ధరణి 'గిల్లి' తీస్తూ చార్మినార్ బదులు చెన్నై లైట్‌హౌస్ పట్టుకున్నాడు, కర్నూలు బదులు మదురై. రెండింట్లోనూ విలన్ ప్రకాశ్‌రాజే, కానీ తమిళంలో అతను 'చెల్లం' అన్న ఒక్క పిలుపుతో ఇంకో మనిషైపోయాడు. 2024లో 'గిల్లి' మళ్లీ విడుదలైతే తమిళనాడులో థియేటర్లు ఊగిపోయాయి. అది తమ సినిమా అని వాళ్లు నమ్ముతారు, నమ్మే హక్కు వాళ్లకుంది.

'జెర్సీ' మాత్రం నన్ను బాధపెట్టింది. గౌతమ్ తిన్ననూరి తెలుగులో తీసిన సినిమాకి జాతీయ అవార్డు వచ్చింది. ఐదొందల రూపాయల జెర్సీ కొడుక్కి కొనలేని తండ్రి, క్రికెట్ టీమ్‌లో చోటు దొరికిందని తెలిశాక రైల్వే స్టేషన్‌కి వెళ్లి రైలు చప్పుడులో కలిసిపోయేలా అరిచే అరుపు, దాన్ని మరిచిపోవడం నా వల్ల కాదు. హిందీలో 2022లో అదే దర్శకుడు, అదే కథ, మంచి నటుడు, దాదాపు అవే సీన్లు. కానీ జనం రాలేదు. 'కేజీఎఫ్ 2' వచ్చిన వారానికే విడుదల కావడం ఒక కారణం కావచ్చు. నాకు కనపడిన కారణం ఇంకోటి: చండీగఢ్ వచ్చింది కానీ చండీగఢ్‌లో ఆ తండ్రి ఎలా బతుకుతాడన్నది రాలేదు. మనవాడికే అక్కడి బట్టలు తొడిగినట్టుంది. ఇక 'అల వైకుంఠపురములో' హిందీలో 'షెహజాదా' అయ్యేసరికి హిందీ డబ్బింగ్ అప్పటికే టీవీలో వచ్చేసింది, దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు.

ఆ డబ్బింగ్ దగ్గరే ఇప్పుడు అసలు ఇబ్బంది. 2014లో శ్రీప్రియ 'దృశ్యం' తీసినప్పుడు మలయాళం ఒరిజినల్ చూసిన తెలుగువాళ్లు చాలా తక్కువ. ఇద్దరాడపిల్లల తండ్రి, కేబుల్ టీవీ వాడు, సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో ఇంటిని కాపాడుకోవడం, ఇదంతా మన మధ్యతరగతి ఇంటికి అతికినట్టు సరిపోయింది, వెంకటేశ్ కూడా ఆ తండ్రిగా తగ్గి చేశాడు. పెద్ద మార్పులు లేకుండానే నిలబడింది. రెండో భాగానికి వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. మలయాళం 'దృశ్యం 2' 2021 ఫిబ్రవరిలో ప్రైమ్‌లో వచ్చింది. కోవిడ్‌కి ఇళ్లలో కూర్చుని సబ్‌టైటిల్స్ చదవడం నేర్చుకున్న జనం దాన్ని అప్పుడే చూసేశారు. తెలుగు 'దృశ్యం 2' అదే ప్రైమ్‌లో నవంబర్లో వచ్చింది. జీతూ జోసెఫే తీశాడు, బాగానే తీశాడు. కానీ ముడి ఎక్కడ విప్పుతారో తెలిసిన సినిమాని తొమ్మిది నెలల తర్వాత అదే యాప్‌లో మళ్లీ ఎందుకు చూడాలి? 'లూసిఫర్' అయితే 2019లో తెలుగులో డబ్ అయి థియేటర్లకే వచ్చింది. దాన్నే 2022లో 'గాడ్‌ఫాదర్'గా మళ్లీ తీశారు. 2015 నాటి తమిళ 'వేదాళం'ని 2023లో 'భోళా శంకర్'గా తెచ్చినప్పుడైతే జనం ఎంత నిర్మొహమాటంగా కాదన్నారో చూశాం. చిరంజీవి అంటే ప్రాణం పెట్టే నాలాంటివాళ్లకి ఆ రోజు చాలా కష్టమనిపించింది. తప్పు ఆయన నటనలో లేదు, ఆ కథకి మన దగ్గర చోటు లేదు.

2024 మార్చిలో 'ప్రేమలు' తెలుగు డబ్బింగ్ చూసినప్పుడు నాకు ఈ విషయం ఇంకా స్పష్టమైంది. మలయాళ సినిమా, కథ జరిగేది హైదరాబాద్‌లో. గేట్ కోచింగ్‌కని వచ్చిన కేరళ కుర్రాడు, ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి, హాస్టల్ గదులు, రోడ్డు పక్క తిండి. మన ఊరిని మలయాళీలు తీసి మనకే చూపించారు, ఆదిత్య హాసన్ దానికి మన కుర్రాళ్లు వాడే మాటలు, మన మీమ్స్ కలిపి డైలాగులు రాశాడు. హాల్లో పిల్లలు ప్రతి మాటకీ పడిపడి నవ్వారు. ఒక డబ్బింగ్ సినిమాలోనే ఇంత నేటివిటీ తెచ్చే వీలున్నప్పుడు, కోట్లు పెట్టి హక్కులు కొని, రెండేళ్లు తీసి, చివరికి హీరోకి ఒక ఇంట్రో సాంగ్ మాత్రమే కలిపే రీమేక్‌కి పనేముంది?

అయినా రీమేకులు ఆగిపోవాలని నేను కోరుకోవడం లేదు. నా మనసులో ఒక సినిమా ఉంది. 2021లో మలయాళంలో వచ్చిన 'హోమ్'. ఇంద్రన్స్ చేసిన ఆలివర్ ట్విస్ట్ అనే తండ్రి ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపినవాడు. ఇప్పుడు కొడుకులు ఫోన్లలో మునిగిపోతే వాళ్లకి దగ్గరవ్వాలని తానూ స్మార్ట్‌ఫోన్ వాడటం నేర్చుకోవాలనుకుంటాడు. ఈ తండ్రి నాకు తెలుసు. ఈసీఐఎల్ దగ్గర, వనస్థలిపురంలో, మల్కాజిగిరిలో ఒకప్పుడు గల్లీకొకటి ఉండేవి ఆ క్యాసెట్ షాపులు. శనివారం సాయంత్రం వీసీపీ అనే క్యాసెట్ ప్లేయర్, మూడు క్యాసెట్లు కలిపి అద్దెకిచ్చి, సోమవారం పొద్దున ఇంటికొచ్చి తీసుకెళ్లేవాళ్లు. ఆ షాపులు నడిపినవాళ్లు ఇప్పుడు అరవైలు దాటి, అదే కాలనీల్లో రెండంతస్తుల ఇంటి వరండాలో కూర్చుని, వాట్సాప్‌లో కొడుక్కి ఫొటో ఎలా పంపాలో పక్కింటి పిల్లాణ్ని అడుగుతున్నారు. కథ అంతా ఇక్కడే సిద్ధంగా ఉంది, కొచ్చి నుంచి తేవాల్సింది చాలా తక్కువ. ఎవరైనా తీస్తామంటే నాకు కావాల్సింది ఒక్కటే, ఆ తండ్రి చేత ఎవర్నీ కొట్టించొద్దు. ఆయన వరండాలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, వణికే వేలితో ఫోన్ తెర మీద ఒక అక్షరం నొక్కి ఆగి చూసే ఆ సీన్‌ని అలాగే ఉంచండి.